బొగ్గుబాయిని బతికించిన ఖజానా, లెక్కలో రాయని మన నేల

సబ్సిడీ అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. ఐటీడీఏ రుణానికి దరఖాస్తు పెట్టినప్పుడు ముందు అడిగేది అదే: "సబ్సిడీ ఎంత?" ఆయిల్ ఇంజను, మేకల యూనిట్, కిరాణా దుకాణం, ఏది పెట్టుకోవాలన్నా అదే ప్రశ్న. కాలేజీలకు, హాస్టళ్లకు వెళ్లిన మన పిల్లలు ఇదే మాటను ఎత్తిపొడుపుగా కూడా విని ఉంటారు. "మీకేం, అన్నీ సర్కారే ఇస్తుంది" అంటారు. ప్రభుత్వ సొమ్ము మీద బతికేది ఆదివాసీలేనని, మిగతా లోకమంతా తన కాళ్ల మీద నిలబడిందని చాలామంది నమ్మకం.

అందుకే ఈ సంచికలో మన నేల మీదే పుట్టి పెరిగిన ఒక పెద్ద పరిశ్రమ కథ చెప్పుకుందాం. అది సింగరేణి. నూట ముప్పై ఏళ్లకు పైబడిన దాని చరిత్రలో ఖజానా దాన్ని ఎన్నిసార్లు ఆదుకుందో, ఏ ఏ రూపాల్లో ఆదుకుందో తెలుసుకుందాం. సింగరేణిని తిట్టడానికి ఇది రాయడం లేదు. మన ఊళ్లలో ఎన్నో పొయ్యిలు ఆ కంపెనీ జీతంతోనే వెలిగాయి. లెక్క మాత్రం పూర్తిగా తెలుసుకోవాలి.

మూడు రాళ్ల పొయ్యి, లండన్ కంపెనీ

ఇల్లందు ప్రాంతంలో ఒక కథ చెబుతారు. భద్రాచలం రాములవారి దర్శనానికి నడిచి వెళ్తున్న యాత్రికులు అడవిలో మూడు నల్లరాళ్లు పెట్టి వంట మొదలుపెట్టారట. కట్టెలతో పాటు పొయ్యి రాళ్లు కూడా అంటుకున్నాయట. కథ సంగతి ఎలా ఉన్నా, 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని నిర్ధారించాడు. పక్కనే ఉన్న సింగరేణి గ్రామం పేరు కంపెనీకి వచ్చింది. బొగ్గు పొరల్లో ఒకదానికి కింగ్ సీమ్ అనే పేరు నిలిచింది. ఆ అడవిలో దారులు తెలిసిన, వాగులు తెలిసిన, రాళ్ల రంగు తెలిసిన కోయల పేరు ఏ పొరకూ రాలేదు.

బొగ్గు ఉంటే సరిపోదు, దాన్ని మోసుకుపోయే రైలు కావాలి. రైలు వేయడానికి డబ్బు పెట్టేవాళ్లకు నష్టం రాదన్న హామీ కావాలి. 1883లో లండన్‌లో ఏర్పడిన రైల్వే కంపెనీ పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఏమిటంటే, రైలుకు లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ 20 ఏళ్ల పాటు నిజాం ఖజానా చెల్లిస్తుంది. ఆ ఖజానాలోకి డబ్బు వచ్చింది ఎక్కువగా రైతుల శిస్తు నుంచి. సింగరేణి బొగ్గు కదలకముందే, దాని దారికి ప్రజల సొమ్ము పూచీ పడిందన్నమాట. 1889 నాటికి ఆ రైలు మార్గం బెజవాడ చేరింది. ఇల్లందు బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ ఏడాదే.

తవ్వకం హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. అది ఇంగ్లండులో రిజిస్టరైన కంపెనీ. ఆ ఒప్పందం కుదిర్చిన నిజాం ప్రభుత్వ అధికారి అబ్దుల్ హక్ అదే కంపెనీ వాటాల వ్యాపారంలో లాభపడ్డాడని, ఆ వాటాల్లో కొన్నింటిని నిజాం ప్రభుత్వం చేతే కొనిపించారని గగ్గోలు పుట్టింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ దీని మీద ఒక సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. అయినా కంపెనీ హక్కులు కంపెనీకే ఉన్నాయి. బొగ్గు ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్న లండన్‌లోగానీ హైదరాబాదులోగానీ ఎవరూ అడగలేదు.

చేతులు మారిన కంపెనీ

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరుతో హైదరాబాద్ చట్టం కింద కొత్త కంపెనీ ఏర్పడి, పాత కంపెనీ ఆస్తులను, అప్పులను తీసుకుంది. ఇల్లందు నుంచి తవ్వకం బెల్లంపల్లి వైపు, కొత్తగూడెం వైపు విస్తరించింది. అటు గోండులు, కొలాములు ఉన్న అడవి, ఇటు కోయలు, నాయకపోళ్లు ఉన్న అడవి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేసింది. 1956లో ఆ వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. 1960 నుంచి కేంద్రం కూడా వాటాదారైంది. ఇవాళ తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది ఆ ఒప్పందం కొనసాగింపే.

ప్రభుత్వ కంపెనీ అంటే ప్రతి విస్తరణకూ డబ్బు ప్రభుత్వం నుంచే రావాలి. కొంత మూలధనంగా, కొంత అప్పుగా వచ్చింది. దీంతో పాటు మరో సహాయం ఉంది. భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలితే పైకప్పు కూలుతుంది, నేల కుంగుతుంది, మిగిలిన బొగ్గుకు నిప్పు అంటుకుంటుంది. అందుకని ఆ ఖాళీని నీళ్లతో కలిపిన ఇసుకతో నింపుతారు. మన గోదావరి ఇసుక ఎంతో అలా గనుల్లోకి వెళ్లింది. ఈ పని ఖర్చుతో కూడుకున్నది. 1952 నాటి బొగ్గు గనుల పరిరక్షణ, భద్రత చట్టం ప్రకారం కేంద్రం ప్రతి టన్ను బొగ్గు మీద సుంకం వసూలు చేసి, ఆ నిధి నుంచి ఇసుక నింపే గనులకు సాయం ఇచ్చింది. 1974లో వచ్చిన చట్టం కూడా అదే బాటలో నడిచింది. ఇది మంచి సబ్సిడీ. దానివల్ల బాయి దిగిన కార్మికుడి ప్రాణానికీ, పైన ఉన్న ఊరికీ రక్షణ దొరికింది. సబ్సిడీ అన్న మాట విని ముఖం చిట్లించే ముందు, అది దేనికోసం ఇస్తున్నారని అడగాలని ఇది మనకు చెబుతుంది.

నష్టం ఎందుకు వచ్చింది?

1990ల నాటికి సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు పనిచేసేవారు. అయినా కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. కార్మికులు పని చేయకపోవడం వల్లేనని అప్పట్లో పత్రికల్లో తరచూ రాసేవారు. ఏడాదిలో వందల కొద్దీ చిన్నా పెద్దా సమ్మెలు జరిగిన మాట నిజమే. కానీ అసలు కారణాలు ఇంకా లోతుగా ఉన్నాయి.

మొదటిది ధర. 1945 నాటి కాలరీ కంట్రోల్ ఆర్డర్ కాలం నుంచి బొగ్గు ధర ప్రభుత్వమే నిర్ణయించేది. 1996 నుంచి దశలవారీగా సడలించి, 2000 నాటికి పూర్తిగా వదిలేశారు. అంతవరకు తవ్వడానికి అయిన ఖర్చు ఒకటి, అమ్మాల్సిన ధర మరొకటి. ఆ తేడా సింగరేణి ఖాతాలో నష్టంగా కనిపించింది. అదే తేడా కరెంటు కేంద్రాల ఖాతాలో, సిమెంటు ఫ్యాక్టరీల ఖాతాలో చౌక బొగ్గుగా కనిపించింది. అంటే సింగరేణి సబ్సిడీ తీసుకున్న కంపెనీ మాత్రమే కాదు, ఇతర పరిశ్రమలకు సబ్సిడీ ఇచ్చిన కంపెనీ కూడా. నగరాల్లో వెలిగిన చౌక కరెంటు వెనుక ఈ నష్టం ఉంది. బొగ్గు పోయిన గూడేల్లో ఆ కరెంటు స్తంభం ఎప్పుడు పడిందో మీ తాతను అడిగి చూడండి.

రెండోది భూగర్భ గనుల స్వభావం. తేలికగా దొరికే బొగ్గు ముందు అయిపోతుంది. ఏటికేడు లోతుకు పోవాలి, గాలి పంపాలి, నీళ్లు తోడాలి, పైకప్పుకు దన్ను పెట్టాలి. టన్ను ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. మూడోది అప్పు మీద వడ్డీ. తీసుకున్న అప్పు తీర్చలేక వడ్డీ మీద వడ్డీ పేరుకుంది.

1992లో, 1996లో: రెండుసార్లు ఖాయిలా

ఖాయిలా పడిన పరిశ్రమల కోసం 1985లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన సంస్థే బీఐఎఫ్ఆర్. 1991 చివర్లో ప్రభుత్వ రంగ సంస్థలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. వెంటనే 1992లో సింగరేణి ఆ గడప తొక్కింది. ఒకసారి బయటపడి, 1996లో రెండోసారి వెళ్లింది. 1997 మార్చి నాటికి పేరుకున్న నష్టం సుమారు 1,219 కోట్ల రూపాయలు. మూసేస్తారన్న మాట, ముక్కలు చేసి అమ్మేస్తారన్న మాట బొగ్గు ఊళ్లన్నిటా వినిపించింది.

అప్పుడు కేంద్రం, రాష్ట్రం కలిసి ఆదుకున్నాయి. అప్పు తిరిగి కట్టే గడువు వాయిదా వేశారు. వడ్డీ భారం తగ్గించారు. కొంత అప్పును మూలధనంగా మార్చారు. ఇవాళ సింగరేణి చెల్లించిన వాటా మూలధనం సుమారు 1,733 కోట్లు. ఆ అంకెలో దశాబ్దాల ప్రభుత్వ సాయం గడ్డకట్టి ఉంది. చేతికి చెక్కు ఇవ్వకపోయినా, అప్పు మాఫీ, గడువు పొడిగింపు, మూలధనంగా మార్పు ఇవన్నీ సబ్సిడీలే. మన రైతుకు వెయ్యి రూపాయలు ఇస్తే దాన్ని సబ్సిడీ అంటారు, కంపెనీకి కోట్లు వదిలేస్తే ఆర్థిక పునర్వ్యవస్థీకరణ అంటారు. పేరు మారినంత మాత్రాన సొమ్ము మారదు.

కంపెనీ కోలుకుంది. 2000ల మొదటి ఏళ్లలోనే పాత నష్టం తుడిచిపెట్టుకుపోయింది. 1996-97లో ఏడాదికి 3 కోట్ల టన్నులు కూడా దాటని బొగ్గు 2023-24 నాటికి 7 కోట్ల టన్నులకు చేరింది. కార్మికుల సంఖ్య మాత్రం లక్షకు పైనుంచి 40 వేల దగ్గరకు పడిపోయింది. ఇంత తక్కువమందితో అంత ఎక్కువ బొగ్గు ఎలా వచ్చింది?

కోలుకున్న దారి: ఓపెన్‌కాస్ట్

జవాబు ఓపెన్‌కాస్ట్ గని. భూగర్భ గని భూమి కిందికి దారి చేసుకుని పోతుంది, పైన చాలావరకు ఊరూ చేనూ ఉంటాయి. ఓపెన్‌కాస్ట్ అలా కాదు. ముందు చెట్లు తీసేస్తారు, తర్వాత పైమట్టి, ఆ తర్వాత రాయి పేల్చి తీస్తారు. ఒక టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్ల మట్టి, రాయి ఎత్తిపోయాలి. ఆ మట్టి కొండలా పేరుకోవడానికి కూడా భూమి కావాలి. గొయ్యిలోకి చేరే నీటిని నిత్యం తోడాలి, దాంతో చుట్టుపక్కల బావుల్లో నీరు దిగిపోతుంది. మనుషుల పని యంత్రాలు చేస్తాయి కాబట్టి టన్ను ఖర్చు తగ్గుతుంది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా పెద్ద భాగం ఇలాగే వస్తోంది.

అంటే ఖర్చు మాయం కాలేదు, చోటు మారింది. అంతకుముందు గని లోపల కంపెనీ పెట్టిన ఖర్చులో కొంత భాగం ఇప్పుడు గని బయట అడవి, వాగు, చేను, ఊరు భరిస్తున్నాయి. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ పేరు చూడండి. ఆ పేరులోనే అక్కడ ఎవరు ఉండేవారో ఉంది. ఇల్లందు, మణుగూరు నుంచి అటు తిర్యాణి దాకా ఓపెన్‌కాస్ట్‌లు పడ్డ చోట్ల చాలా భాగం ఐదో షెడ్యూలు ప్రాంతమో, దాని అంచో అయి ఉంటుంది.

పోడు చేను పోతే పరిహారం రాయడానికి పట్టా కావాలంటారు. పట్టా లేకపోతే ఆ చేను లెక్కలోకి రాదు. ఇప్పచెట్టుకు, తునికాకు ఏరే అడవికి, వాగులో చేపకు, దేవుడి గద్దెకు ఏ పద్దూ ఉండదు. కంపెనీకి తక్కువ ధరకు వచ్చిన ప్రతి వనరూ ఆ కంపెనీకి సాయమే. ఖజానా ఇచ్చిన సాయం బడ్జెట్లో రాశారు. మన నేల ఇచ్చిన సాయం ఎక్కడా రాయలేదు.

అదే 1997: సమత తీర్పు

సింగరేణి నష్టం శిఖరానికి చేరిన ఆ ఏడాదే, 1997 జులై 11న, సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. అది విశాఖ జిల్లా బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజుల మీద వచ్చిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదని 1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, 1970 నాటి సవరణ చెబుతున్నాయి. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక వ్యక్తేనని, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గని లీజుగా ఇవ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. తవ్వితే ప్రభుత్వ సంస్థలు, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వవచ్చంది. గని లాభాల్లో కనీసం 20 శాతం స్థానికుల నీళ్లు, బడి, వైద్యం, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది.

ఇప్పుడు ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆ రోజు ఖజానా ఆదుకోకపోయి ఉంటే సింగరేణి ప్రైవేటు చేతుల్లోకి వెళ్లే ఒత్తిడి పెరిగేది. సింగరేణి ప్రభుత్వ సంస్థగా నిలిచింది కాబట్టి, కనీసం చట్టం ముందు నిలబెట్టి ప్రశ్నించగల యజమాని మనకు మిగిలాడు. కాబట్టి ఆ సాయం తప్పని మనం అనడం లేదు. కానీ 2016లో రద్దయిన ఆ ఖాయిలా పరిశ్రమల చట్టంలో అప్పు ఇచ్చినవాళ్లకు చోటుండేది, ప్రభుత్వాలకు చోటుండేది. గ్రామసభకు చోటు ఉండేది కాదు. కంపెనీని నిలబెట్టే చర్చలో, ఆ నిలబెట్టే భారం ఎవరి నేల మీద పడుతుందో వాళ్లను పిలిచే ఏర్పాటే ఉండేది కాదు.

1999-2000 నుంచి కార్మికులకు లాభాల్లో వాటా ఇస్తున్నారు. 10 శాతంతో మొదలై ఇటీవల 30 శాతం దాటింది. కష్టపడినవాడికి వాటా న్యాయమే, అందులో మన బిడ్డల కష్టం కూడా ఉంది. కార్మికులు అది పోరాడి సాధించుకున్నారు. సమత చెప్పిన 20 శాతం నేల ఇచ్చినవాళ్ల వాటా. దాని గురించి అంత గట్టిగా అడిగే గొంతు మన వైపు నుంచి ఇంకా లేవలేదు.

జర్మనీ ఏం చేసింది?

బొగ్గు పరిశ్రమను ప్రభుత్వ సొమ్ముతో నిలబెట్టిన దేశాల్లో జర్మనీ పేరు ముందు చెప్పాలి. విదేశీ బొగ్గు చౌకగా దొరుకుతున్నా, తమ రూర్ ప్రాంతం గనులను దశాబ్దాల పాటు సబ్సిడీతో నడిపింది. 1970ల నుంచి కరెంటు బిల్లు మీద బొగ్గు పన్ను కూడా వేసింది. 1994లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ పన్ను చెల్లదంది. 2007లో ప్రభుత్వం, కంపెనీ, సంఘాలు కూర్చుని 2018 నాటికి సబ్సిడీ ఆపాలని ఒప్పుకున్నాయి. 2018 డిసెంబర్‌లో బొట్రోప్ పట్టణంలో చివరి గని మూతపడింది. మూసివేతకు 11 ఏళ్ల ముందే తేదీ చెప్పడం వల్ల కార్మికులకు పదవీ విరమణ, వేరే పని ఏర్పాట్లు చేయగలిగారు. ఇంకో మంచి పని కూడా చేశారు. కుంగిన నేల మీదికి నీరు రాకుండా ఎప్పటికీ పంపులు నడపాల్సి ఉంటుంది కాబట్టి, ఆ ఖర్చు కోసం ముందే ఒక ట్రస్టు పెట్టారు. గని పోయాక మిగిలేదానికి కూడా లెక్క కట్టారు. ఇక్కడ గని ఆగిన తర్వాత ఆ గొయ్యి, ఆ మట్టికొండ ఎవరి బాధ్యతో మన పెద్దలకు చెప్పినవాళ్లు తక్కువ.

ఇప్పుడు మన ముందున్న పని

2020లో కేంద్రం ప్రైవేటు కంపెనీల కోసం బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టింది. కోయగూడెం మూడో బ్లాకుతో సహా నాలుగు బ్లాకులను వేలానికి పెట్టినందుకు 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజుల పాటు సింగరేణి కార్మికులు సమ్మె చేశారు. అది ఉద్యోగాల పోరాటం. షెడ్యూల్డ్ ప్రాంతంలో బ్లాకు ఉన్న చోట అది సమత తీర్పు పోరాటం కూడా. ఆ రెండూ ఒకటేనని చెప్పాల్సింది మనమే.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఎక్కువభాగం కాగితం చదివే పనులే.

బొగ్గు భూముల సేకరణకు 1957 చట్టం వాడితే, ఏడో సెక్షన్ నోటిఫికేషన్ వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు. గెజిట్ మన గూడేనికి నడిచి రాదు, మనమే చూస్తుండాలి. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం నియమాలు ఈ బొగ్గు చట్టానికి కూడా వర్తిస్తాయి. అటవీ హక్కుల చట్టం ప్రకారం, హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవారిని ఖాళీ చేయించకూడదు. అందుకే వ్యక్తిగత పోడు పట్టాతో పాటు ఊరి సామూహిక హక్కు పత్రం కోసం కూడా దరఖాస్తు పెట్టాలి. ఇప్పచెట్టు లెక్కలోకి వచ్చేది ఆ పత్రంతోనే.

2015 నుంచి ప్రతి జిల్లాలో ఖనిజ నిధి ట్రస్టు ఉంది. పాత లీజుల గనులు రాయల్టీ మీద మరో 30 శాతం ఆ నిధికి కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం ఉన్న డబ్బు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో దాన్ని ఖర్చు పెట్టే ప్రణాళికకు గ్రామసభ ఆమోదం ఉండాలి. మీ ఊరి గ్రామసభ ఆ ప్రణాళిక చూసిందా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి చూడండి. ఫీజు 10 రూపాయలు.

చివరిగా, మన పెద్దలు ఉండగానే ఒక పని పూర్తి చేద్దాం. గనుల కింద పోయిన గూడేల పేర్లు, చెరువుల పేర్లు, దేవర గద్దెల పేర్లు, ఏ ఇంటిపేరు వాళ్లు ఎటు వెళ్లారన్నది ఊరూరా తిరిగి రాసుకుందాం. కంపెనీ లెక్కల పుస్తకం ఏటా అచ్చవుతుంది. మన లెక్కల పుస్తకం ఇంకా మన ముసలివాళ్ల నోటనే ఉంది. అది కాగితం మీదికి వచ్చిన తర్వాత, సబ్సిడీ ఎవరు ఎవరికి ఇచ్చారన్న ప్రశ్నకు మన దగ్గర ఒక జవాబు ఉంటుంది.